నాన్నగారి పేరున ఉన్న పాత కారు ఇచ్చి కొత్త ఎస్‌యూవీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా నాన్నగారు 2012లో తన పేరున కొన్న కారును ఇంటిల్లిపాదీ ఇప్పటికీ వాడుకుంటున్నాం. ఆయన కాలం చేసి ఏడాది దాటింది. అమ్మ, నేను, పెళ్లయిన చెల్లెలు ఉన్నాం. కారుకు తరచూ మరమ్మతులు వస్తుండటంతో హైదరాబాద్‌లోని ఒక షోరూంలో 50 వేలు కట్టి, సుమారు 15 లక్షల ఎస్‌యూవీ బుక్ చేశాను. పాత కారును ఎక్స్‌ఛేంజ్‌లో తీసుకుంటామన్నారు. అయితే యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద నాన్నగారి సంతకం నన్నే పెట్టేయమని, కొనేవాడు దొరికాక అతనే పేరు మార్పించుకుంటాడని చెబుతున్నారు. ఆరు వారాల్లో ఇస్తామన్న బండి మూడు నెలలైనా రాలేదు. డబ్బు వెనక్కి అడిగితే, తిరిగి ఇవ్వబోమని రశీదు వెనుక రాసి ఉందంటున్నారు. ఇన్సూరెన్స్ కూడా తమ దగ్గరే చేయించాలట. పాత కారు పాలసీని ఈ ఏడాది కూడా నాన్నగారి పేరునే రెన్యూ చేయించాను. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా, ఆ సంతకం మాత్రం పెట్టవద్దు. మరణించిన వ్యక్తి సంతకాన్ని మరొకరు పెట్టి, ఆ కాగితాన్ని అసలైనదిగా రవాణా శాఖకు సమర్పించడం భారతీయ న్యాయ సంహితలోని 336, 340 సెక్షన్ల కిందికి వచ్చే నేరం. ఫోర్జరీకి రెండేళ్ల వరకు, మోసం చేసే ఉద్దేశంతో చేసినట్టు తేలితే ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. అందరూ చేస్తున్నారన్నది కోర్టులో చెల్లే సమాధానం కాదు. పైగా ఇది దాగే విషయం కూడా కాదు. ఫారం మీది తేదీని, మరణ ధ్రువపత్రంలోని తేదీని పక్కపక్కన పెడితే చాలు, బయటపడిపోతుంది. అప్పుడు సంతకం పెట్టమన్న షోరూం ఉద్యోగి ఎక్కడ ఉంటాడో తెలియదు గానీ, పెట్టింది మీరే కాబట్టి మీరు మాత్రం దొరుకుతారు.

అసలు ఆ కారు ఇప్పుడు ఎవరిదన్న విషయానికి వద్దాం. మీకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని, మీ నాన్నగారు వీలునామా రాయలేదని అనుకుంటే, ఆ చట్టం ప్రకారం మీ అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి అందులో సమాన వాటా ఉంటుంది. మీ నాయనమ్మగారు జీవించి ఉంటే ఆమె కూడా మొదటి తరగతి వారసురాలే. పెళ్లయినంత మాత్రాన చెల్లెలి వాటా పోదు. ఇల్లు, పొలం విషయంలో ఈ సంగతి గుర్తుంచుకునేవారు కూడా కారు దగ్గరికి వచ్చేసరికి మరచిపోతుంటారు. కాబట్టి మీరొక్కరే దాన్ని అమ్మడానికి వీల్లేదు. మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాసి ఇవ్వాలి.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 56వ నియమం సరిగ్గా మీ పరిస్థితి కోసం రాసిందే. యజమాని మరణించిన 30 రోజుల్లోగా వారసుడు ఆ విషయాన్ని, తాను వాహనాన్ని వాడుకోదలచిన విషయాన్ని రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి; మరణించిన మూడు నెలల్లోగా ఫారం 31లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. మీ విషయంలో ఈ రెండు గడువులూ దాటాయి. దానివల్ల హక్కు పోదు గానీ, ఆలస్యానికి రుసుము కట్టవలసి ఉంటుంది. ఆర్సీ, మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల అఫిడవిట్లు, అమలులో ఉన్న ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం సిద్ధం చేసుకుని, స్లాట్ బుక్ చేసుకుని ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లండి. వెళ్లే ముందు ఆర్సీలో హైపోతికేషన్ (కారు మీద అప్పు ఉన్నట్టు నమోదు) ఉందేమో ఒకసారి చూసుకోండి. వాయిదాలు ఎప్పుడో తీరిపోయినా, బ్యాంకు పేరు ఆర్సీలో అలాగే ఉండిపోయిన కార్లు నా దగ్గరికి వచ్చిన కేసుల్లోనే ఎన్నో ఉన్నాయి. అలా ఉంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆ నమోదును తొలగించే ఫారం 35 కూడా జత చేయాలి.

షోరూం వారు చెబుతున్న రెండో మాట, అంటే కొనేవాడు దొరికాక పేరు మార్చుకుంటాడన్నది, మొదటిదాని కంటే తక్కువ ప్రమాదకరమైనదేమీ కాదు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం చెల్లించవలసిన 'యజమాని' ఎవరన్న ప్రశ్నకు మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 2(30) రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వారేనని జవాబు చెబుతుంది. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఇక్కడ గుర్తు చేయాలి. అందులో రిజిస్టర్డ్ యజమాని కారును 2007లో అమ్మేశారు; అది ఒకరి తరువాత ఒకరుగా పలువురి చేతులు మారింది; 2009లో దాని కింద పడి ఒక బాలుడు మరణించాడు. కారు తన దగ్గర లేదని, డబ్బు తీసుకుని అప్పగించేశానని మొదటి యజమాని ఎంత చెప్పినా, రికార్డులో పేరు ఆయనదే కనుక పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. మీ కారు విషయంలో రికార్డులోని వ్యక్తి లేరు కాబట్టి, బాధితుల నోటీసు ఆయన ఆస్తి పొందిన మీ కుటుంబానికే వస్తుంది. ట్రాఫిక్ చలాన్లు, ఆ వాహనాన్ని ఏదైనా నేరానికి వాడితే వచ్చే పోలీసు విచారణ కూడా ముందు మీ గడపే తొక్కుతాయి.

అందువల్ల పేరు మారిన తరువాత కూడా కారును షోరూం ఆవరణలో వదిలి, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి రావద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం, పాత వాహనాలు కొని అమ్మే డీలరు రిజిస్టరింగ్ అధికారి నుంచి అధికార పత్రం తీసుకోవాలి. అలాంటి డీలరుకు కారు అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో సమాచారం ఇస్తారు. అప్పటి నుంచి ఆ వాహనానికి డీలరే యజమాని అయినట్టు భావిస్తారు. కాబట్టి ఆ షోరూం పాత కార్ల విభాగానికి అధికార పత్రం ఉందా అని అడగండి, ఉంటే దాని ప్రతి చూపించమనండి, ఫారం 29సీ రసీదు చేతికి వచ్చాకే తాళాలు ఇవ్వండి. అధికార పత్రం లేదంటే, అసలు కొనుగోలుదారు ఎవరో చూపించి, అతని పేరున ఫారం 29, 30 సమర్పించి, బదిలీ పూర్తయ్యే వరకు కారు మీ ఇంటి ముందే ఉంచుకోవడం మేలు. ఎక్స్‌ఛేంజ్ ధర నచ్చక, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇద్దామనుకున్నా ఇదే కథ. అక్కడా యజమాని సంతకమే కావాలి.

ఇక పాత కారును ఎవరి పేరున మార్పించుకోవాలి? చాలామంది దీన్ని అంతగా పట్టించుకోరు గానీ, మీ జేబుకు తగిలేది ఇక్కడే. తెలంగాణలో ఒక వ్యక్తి పేరున ఇప్పటికే కారు ఉండగా ఇంకొకటి రిజిస్టర్ చేయిస్తే, రెండో వాహనం కింద లైఫ్ ట్యాక్స్ 2 శాతం అదనంగా పడుతుంది. మీరు పాత కారును మీ పేరుకు మార్పించుకుని, దాన్ని అమ్మకముందే కొత్తదాన్ని రిజిస్టర్ చేయిస్తే, 15 లక్షల బండి మీద ఇది 30 వేల రూపాయలు అవుతుంది. అమ్మగారి పేరుకు మారిస్తే ఈ బాధ ఉండదు గానీ, ఇంకొకటి పోతుంది. మీ నాన్నగారు ఏళ్ల తరబడి క్లెయిమ్ లేకుండా సంపాదించిన నో క్లెయిమ్ బోనస్ (బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు), ఆయన మరణానంతరం ఆ వాహనం జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులలో ఎవరికి దక్కితే వారికి సంక్రమిస్తుంది. అది గరిష్ఠంగా 50 శాతం వరకు ఉంటుంది. వాహనం అమ్మగారికి వెళితే బోనస్ కూడా ఆమెదే అవుతుంది. మీ పేరున కొనే ఎస్‌యూవీకి అది పనికిరాదు. అందుచేత నా సలహా ఏమిటంటే, పాత కారును మీ పేరుకే మార్పించుకోండి, దాన్ని పైన చెప్పిన పద్ధతిలో బదిలీ చేసి, బీమా సంస్థ నుంచి ఆ బోనస్‌ను కొత్త బండికి వాడుకోవడానికి వీలిచ్చే నిలుపుదల పత్రం తీసుకోండి, ఆ తరువాతే కొత్తదాని రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి. ఈ వరుస తప్పకపోతే అదనపు పన్నూ పడదు, బోనసూ పోదు. ఆ పత్రం మూడేళ్ల వరకు పనికొస్తుంది కాబట్టి కొత్త బండి ఆలస్యమైనా బెంగ లేదు.

అయితే మీరు నాన్నగారి పేరునే పాలసీ రెన్యూ చేయించడం ఇక్కడ కొంత చిక్కు తెచ్చిపెట్టింది. పాలసీదారు మరణిస్తే, అప్పటికి అమలులో ఉన్న పాలసీ మూడు నెలల వరకు గాని, దాని గడువు ముగిసే వరకు గాని, ఏది ముందైతే అంతవరకే కొనసాగుతుంది. ఆలోగా వారసులు తమ పేరుకు మార్పించుకోవాలి. లేని మనిషి పేరున తీసుకున్న పాలసీ మీద మీ కారు మరమ్మతు ఖర్చు అడిగితే, తిరస్కరించడానికి బీమా సంస్థకు మంచి కారణం దొరికినట్టే. ఇప్పుడే మరణ ధ్రువపత్రం జతచేసి, జరిగినది దాచకుండా రాసి, పాలసీని సరిచేయమని లేఖ ఇవ్వండి. అది తేలే వరకు ఆ కారును రోడ్డు మీదికి తీయకపోవడం మంచిది.

బుకింగ్ సొమ్ము విషయంలో షోరూం వారి వాదన మీరు భయపడేంత బలమైనదేమీ కాదు. గడువు తప్పింది వారు. మాట తప్పిన పక్షం ఎదుటివారి అడ్వాన్సును జప్తు చేసుకోవడానికి ఒప్పందాల చట్టం ఒప్పుకోదు. ఒకవేళ మీరే మనసు మార్చుకుని రద్దు చేసుకున్నా, ఆ చట్టంలోని సెక్షన్ 74 ప్రకారం వారు సహేతుకమైన పరిహారానికి మించి ఉంచుకోకూడదు. బయానా సొమ్ముకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని, అసలు నష్టమే జరగనప్పుడు జప్తు చెల్లదని కైలాష్ నాథ్ అసోసియేట్స్ కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు వదిలేసిన బండిని వరుసలో తరువాత ఉన్నవారికి అదే ధరకు అమ్ముకునే డీలరు 50 వేల నష్టాన్ని చూపించడం తేలిక కాదు. కాకపోతే ఒక చిన్న మెలిక ఉంది. ఆరు వారాలన్నది నోటిమాటా, రాతపూర్వకమా? రశీదులో 'సుమారుగా' అని ఉంటే, ముందు 15 రోజుల గడువిస్తూ, ఆలోగా డెలివరీ ఇవ్వకపోతే బుకింగ్ రద్దయినట్టేనని, సొమ్ము వడ్డీతో వాపసు చేయాలని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సేల్స్ ఉద్యోగి మీకు పంపిన వాట్సాప్ సందేశాలను చెరిపేయకండి.

నోటీసుకు జవాబు రాకపోతే హైదరాబాద్ దాకా తిరగవలసిన పని లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు కాబట్టి, కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కనుక రుసుము లేదు. రెండేళ్ల లోపు వేయాలి. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని వివాదాలు అక్కడే తెగుతాయి. అయితే ఫిర్యాదులో ఆ షరతు 'అన్యాయమైన ఒప్పందం' కనుక రద్దు చేయమని అడగవద్దు, ఎందుకంటే ఆ అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉంది. సేవలో లోపం, అన్యాయమైన వ్యాపార పద్ధతి అన్న ఆధారాల మీద సొమ్ము వాపసు కోరితే జిల్లా కమిషన్ సరిపోతుంది.

బండి తీసుకోవడానికే నిర్ణయించుకుంటే, ధర ఎలా లెక్కగట్టారో రాతపూర్వకంగా తీసుకోండి. షోరూం దృష్టిలో ఎస్‌యూవీ అంటే ఎత్తుగా కనిపించే కారు. పన్ను దృష్టిలో అలా కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి, పొడవు 4 మీటర్లకు మించకుండా, ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకుండా ఉంటే, దాన్ని ఏ పేరుతో పిలిచినా జీఎస్‌టీ 18 శాతమే. ఈ హద్దులు దాటిన పెట్రోలు, డీజిలు కార్లకు 40 శాతం. బుక్ చేసిన తరువాత పన్ను మారితే, ఒప్పందంలో వేరేగా రాసుకోనంతవరకు ఆ తేడా పెరిగినా తగ్గినా కొనుగోలుదారుకే చెందుతుందని వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 64ఏ చెబుతోంది. ధర 10 లక్షలు దాటినందున 1 శాతం టీసీఎస్ (అమ్మేవారే వసూలు చేసి జమచేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్నులో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అని ఒక వరుస కనిపిస్తే, అది ప్రభుత్వానికి వెళ్లే రుసుము కాదని గుర్తించి, తీసేయమని అడగండి.

ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలనే షరతు పెట్టే హక్కు డీలరుకు లేదు. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరే గానీ, అది ఏ సంస్థదన్నది మీ ఇష్టం. మరోచోట తీసుకుంటే డిస్కౌంట్ ఇచ్చేది లేదంటే, ఆ మాటను రాసి ఇవ్వమనండి. సాధారణంగా రాసి ఇవ్వరు.

డెలివరీ రోజున ఫారం 21 అమ్మకపు ధ్రువపత్రంలోని తయారీ నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోయాయో లేదో చూసుకున్నాకే మిగతా డబ్బు కట్టండి. 2021లో చేసిన సవరణతో ఆర్సీలో నామినీ పేరు నమోదు చేయించుకునే వీలు వచ్చింది. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఆ గడిని షోరూం వారు ఖాళీగా వదిలేయకుండా, దగ్గరుండి మీ అమ్మగారి పేరో, మీ భార్య పేరో రాయించండి.