ల్యాబ్‌లో ఫోన్ చూస్తున్నాడని బ్రాంచి మార్పిస్తారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి సైబర్ సెక్యూరిటీలో బీటెక్ రెండో ఏడాది. ల్యాబ్ అంటే బోర్ అంటాడు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడట. డేటా సైన్స్‌కి మార్పించమంటారా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: కాకినాడ నుంచీ భీమవరం నుంచీ కూడా ఇదే అడుగుతుంటారండీ, బ్రాంచి పేరొక్కటే మారుతుంది. అసలు మీ టెన్షన్ డేటా సైన్స్ గురించి కాదు, కట్టిన ఫీజు గోదాట్లో పోసినట్టేనా అని. ఏమీ పోలేదు.

చాలా ల్యాబుల్లో జరిగేదేంటంటే, బోర్డు మీది కమాండ్లు క్లాసంతా ఒకేసారి కొడతారు, అందరికీ ఒకే జవాబు వస్తుంది, స్క్రీన్‌షాట్ రికార్డులో అంటించి సంతకం చేయించుకుంటారు. చిక్కుముడి లేనిచోట కుర్రాడు ఫోన్ తీయక ఏం చేస్తాడు? ఓవర్‌ద‌వైర్‌ అనే వెబ్‌సైట్లో బ్యాండిట్ అని, కమాండ్లు కొడుతూ ఉచితంగా ఆడే ఆట ఉంది, వాణ్ని దాని ముందు కూర్చోబెట్టండి. ఒక లెవెల్లో దొరికిన పాస్‌వర్డ్‌తోనే తర్వాతి లెవెల్‌కి వెళ్లాలి. మొదట్లోనే ఒక ఫైలు వస్తుంది, దాని పేరు ఉత్త అడ్డగీత. ఫైల్లో ఏముందో చూపించే క్యాట్ అనే కమాండ్ మామూలుగా కొట్టి గీత పెడితే స్క్రీన్ కదలదు మెదలదు. గీతకి ముందు చుక్క, స్లాష్ పెట్టాలని తనంతట తానే కనుక్కున్నవాడు అన్నానికి పిలిచినా లేవడు.

లేవకపోతే మీరు కేకలేస్తారు, అదీ నాకు తెలుసు. రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ లాక్కుని, పొద్దున్నే 'ప్రాక్టికల్స్ ఏం వచ్చురా' అని అడిగితే వాడేం చెప్తాడండీ?

ఈ కోర్సు మీద నాకూ అనుమానాలున్నాయి. నెట్‌వర్కింగ్, లినక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) సరిగ్గా రాకుండా కొన్ని వారాల్లో ఎథికల్ హ్యాకర్ (అనుమతితోనే సిస్టమ్‌లలో లోపాలు వెతికేవాడు)‌ని చేసేస్తామంటూ వేలకి వేలు గుంజే సర్టిఫికెట్లకి మాత్రం పైసా కట్టకండి. పైగా అక్కడ నేర్చిన ముక్క పక్కింటి వైఫై మీద ప్రయోగించే కుర్రాళ్లున్నారు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ప్రయోగాలకి, ఒకే ల్యాప్‌టాప్‌లో వేరే కంప్యూటర్లున్నట్టు నడిపించే వర్చువల్‌బాక్స్‌లో హ్యాకింగ్ టూల్స్ ఉన్న కాలీ లినక్స్ ఒకటి, కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్ప్లాయిటబుల్ ఒకటి పెట్టుకుంటే చాలు, అన్నీ ఉచితమే.

డేటా సైన్స్ అంటారా, లెక్కలు, స్టాటిస్టిక్స్ ఇష్టమైతే మంచిదే, బోర్ కొట్టి పారిపోయేవాడికి అక్కడా బోరే. బ్యాండిట్‌లో పది లెవెళ్లు దాటాక కూడా మారతానంటే అప్పుడు మాట్లాడదాం. ఈలోగా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయించండి, రెండు మెషీన్లు ఒకేసారి నడవాలి కదా.