బత్తాయిలో గ్రీనింగ్ తెగులు: చెట్టు ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: మా బత్తాయి తోటకు ఆరేళ్లు. 400 చెట్లున్నాయి. పాతిక చెట్లలో అక్కడక్కడా కొమ్మలు పసుపెక్కాయి. కాయలు చిన్నవిగా, వంకరగా ఉండి రాలిపోతున్నాయి. జింకు లోపమనుకుని రెండుసార్లు పిచికారీ చేసినా మార్పు లేదు. ఇవి కోలుకుంటాయా?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి గ్రీనింగ్ తెగులునే అనుమానించాలి. ఒక ఆకు కోసి చూడండి. జింకు లోపమైతే మధ్య ఈనెకు రెండు వైపులా పసుపు ఒకే తీరుగా ఉంటుంది. గ్రీనింగ్‌లో ఒకవైపున్న మచ్చ రెండోవైపు అదే చోట ఉండదు, ఈనెలను దాటి పాకుతుంది. తర్వాత కాయను నిలువుగా కోయండి. నడిమి కాడ వంగి, గింజలు గోధుమ రంగు తాలుగా ఉంటే అనుమానం బలపడినట్టే. నిర్ధారణకు పీసీఆర్ పరీక్ష (ఆకులో తెగులు బాక్టీరియా జన్యు పదార్థం ఉందో లేదో చూసే ల్యాబ్ పరీక్ష) చేయించండి. ఈ తెగులును కలిగించే బాక్టీరియా చెట్టంతా సమానంగా ఉండదు కనుక, లక్షణాలున్న నాలుగైదు కొమ్మల నుంచి ముదురు ఆకులను కాడలతో సహా పంపాలి.

తెగులు నిర్ధారణ అయితే ఆ చెట్లు కోలుకోవు. బాక్టీరియా ఆహార నాళాల్లో ఉండి వేర్ల దాకా చేరుతుంది కాబట్టి కొమ్మలు కత్తిరించినా పోదు. పోషకాలు పిచికారీ చేస్తే కొన్నాళ్లు పచ్చగా కనిపిస్తాయి, అంతే. నీరు, ఎరువు, కూలి మాత్రం మంచి చెట్టుతో సమానంగా పెట్టాలి. అంతకన్నా పెద్ద నష్టం మిగతా 375 చెట్లకు అంటుకోవడం. అమెరికాలోని ఫ్లోరిడాలో 2003-04లో సుమారు 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2005లో ఈ తెగులు బయటపడింది. తుపానులూ తోడై 2022-23 నాటికి దిగుబడి రెండు కోట్ల పెట్టెల లోపుకు పడిపోయింది.

మీ తోటలో తెగులు ఇంకా ఆరు శాతం చెట్లకే ఉంది, తీసేయడమే మేలు. సగానికి పైగా చెట్లకు సోకి ఉంటే ఈ సలహా ఇవ్వను. అప్పుడు ఖర్చు తిరిగొచ్చినంత కాలం కాయ కోసుకుని, తోటను పూర్తిగా మార్చడమే దారి.

అయితే ముందే గొడ్డలి పెట్టకండి. తెగులును మోసే సిల్లా పురుగులు, నరికిన చెట్టు వదిలి పక్క చెట్లకు ఎగిరిపోతాయి. ముందు పురుగుమందు పిచికారీ చేసి, అవి చచ్చాక చెట్టు తీయండి. మొదలు వేర్లతో సహా పెకలించాలి. మొద్దు మిగిలితే దాని చిగుళ్లలోనూ తెగులు ఉంటుంది, సిల్లా అక్కడికే చేరుతుంది.

సిల్లా లేత చిగురు మీదే గుడ్లు పెడుతుంది. పసుపు రంగు పిల్ల పురుగులు తెల్లని మైనపు పోగులు విసర్జిస్తూ కనిపిస్తాయి. పెద్ద పురుగు తల వంచి, తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. కొత్త చిగురు విచ్చుకోగానే థయోమిథాక్సామ్ 25 డబ్ల్యూజీ 0.3 గ్రాములు లీటరు నీటికి కలిపి కొట్టండి. తర్వాతి చిగురుకు మందు మార్చండి. థయోమిథాక్సామ్ తర్వాత ఇమిడాక్లోప్రిడ్ వాడితే మార్చినట్టు కాదు, రెండూ ఒకే వర్గం. పూత మీద తేనెటీగలు తిరిగేటప్పుడు కొట్టవద్దు. సిల్లా గట్ల వైపు వరుసల్లో ఎక్కువగా చేరుతుంది, పక్క తోటలవారూ అదే వారంలో కొడితేనే ఫలితం నిలుస్తుంది. గట్ల మీది కరివేపాకు చెట్లను కూడా చూడండి, సిల్లా అక్కడా పెరుగుతుంది.

సోకిన చెట్టులో లక్షణాలు కనిపించడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. అందుకే చెట్లు తీశాక కూడా ప్రతి చిగురు దశలో తోటంతా తిరిగి చూసి, అనుమానం వచ్చినవాటికి రంగు గుర్తు పెట్టండి. ఖాళీల్లో నాటే మొక్కలు పరీక్షించిన తల్లిచెట్ల అంట్లతో, పురుగు చొరని వల ఇళ్లలో పెంచినవై ఉండాలి. లేత మొక్క తరచూ చిగురిస్తుంది కాబట్టి సిల్లా ముందు దానినే పట్టుకుంటుంది. మొదటి రెండేళ్లు ఒక్కో మొక్కకు సన్నని వల తొడిగి కాపాడండి.