ఉప్పు తగ్గించమన్నారు, కూర చప్పగా ఉందంటున్నారు

ప్రశ్న: మావారి వయసు 57 ఏళ్లు. బీపీకి రోజూ టెల్మిసార్టాన్ మాత్ర వేసుకుంటారు. ఈ మధ్య పరీక్షలు చేసిన డాక్టరుగారు ఉప్పు బాగా తగ్గించమన్నారు. అప్పటి నుంచి నేనెంత శ్రద్ధగా వండినా చప్పిడి కూడు తినలేనంటూ అన్నంలో ఊరగాయ కలుపుకుంటున్నారు. సైంధవ లవణం వాడితే ఫరవాలేదని కొందరు, తక్కువ సోడియం ఉప్పు కొనమని కొందరు చెబుతున్నారు. రుచి చెడకుండా ఉప్పుకు బదులు ఏం వాడవచ్చో వివరించగలరు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు సైంధవ లవణం సంగతి తేల్చుకుందాం. గులాబీ రంగులో ఉన్నా, రాయిలా ఉన్నా, అందులో ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే. గళ్ళ ఉప్పూ అంతే. వాటిలో ఉన్నాయని చెప్పే ఇతర ఖనిజాలు ఒంటికి మేలు చేసేంత పరిమాణంలో ఉండవు. పైగా సైంధవ లవణంలో సాధారణంగా అయోడిన్ కలపరు. కాబట్టి దానికి మారినందువల్ల మీవారి బీపీకి ఒరిగేదేమీ లేదు.

తక్కువ సోడియం ఉప్పు విషయం వేరు. ఇందులో సోడియం క్లోరైడులో కొంత భాగం తీసి, ఆ స్థానంలో పొటాషియం క్లోరైడు కలుపుతారు. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21 వేల మందితో జరిగిన పెద్ద అధ్యయనంలో 75 శాతం సోడియం క్లోరైడు, 25 శాతం పొటాషియం క్లోరైడు ఉన్న ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో ప్రచురితమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025లో ఇటువంటి ఉప్పును పెద్దవారికి సూచించింది; అయితే గర్భిణులకూ, పిల్లలకూ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ ఈ సూచన వర్తించదని స్పష్టంగా చెప్పింది. మీ ఇంటి విషయంలో ఇక్కడ ఒక మెలిక ఉంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు రక్తంలో పొటాషియాన్ని పెంచే అవకాశం ఉన్నవి. అందువల్ల మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించి, డాక్టరుగారిని అడిగిన తరువాతే ఆ ప్యాకెట్టు ఇంటికి తెచ్చుకోండి. ఆయన సరేనన్నా, చప్పగా ఉందని రెట్టింపు వేస్తే ఆ తగ్గింపు అంతా పోతుందని గుర్తుంచుకోండి. పొటాషియం క్లోరైడు నాలుకకు కొద్దిగా చేదు తగులుతుంది. పులుపు ఉన్న కూరల్లో ఆ చేదు అంతగా తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తే, ఉప్పు స్థానంలో మరో తెల్లపొడిని వెతకడం కంటే వంట పద్ధతిని మార్చుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. మన భోజనంలో ఒక అనుకూలత ఉంది: అన్నం ఉప్పు లేకుండానే వండుతాం. కలుపుకునేవాటిలో సువాసన, పులుపు, కారం నిండుగా ఉంటే ఉప్పు లోటు చాలావరకు కప్పబడుతుంది. కాకపోతే పులుపు విషయంలో కొంత వివేకం కావాలి. చిక్కటి చింతపండు పులుసు పెట్టినప్పుడు పులుపుకు సరిపడా ఉప్పు కూడా ఎక్కువే పడుతుందని మీకు తెలిసిందే. అందుకే పులుసుల బదులు, కూర దించిన తరువాత పిండే నిమ్మరసం, పప్పులో వేసే మామిడికాయ ముక్కలు, చింతచిగురు వంటి తేలికైన పులుపులను ఎంచుకోండి.

పప్పునే తీసుకోండి. ఉడికేటప్పుడు ఉప్పు వేయకండి. దించాక, రోజూ వేసే దానిలో సగం మాత్రమే పైన కలపండి. ఆఖరున వేసిన ఉప్పు తక్కువైనా నాలుకకు త్వరగా తగులుతుంది. ఆ తరువాత నేతిలో చితక్కొట్టిన వెల్లుల్లి ఎర్రబడేదాకా వేయించి, జీలకర్ర, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు వేసి, ఆ పోపు చిటపటలాడుతుండగానే పప్పులో వేసి మూత పెట్టండి. వడ్డించే ముందు మూత తీస్తే వచ్చే ఘుమఘుమతోనే భోజనం సగం రుచి పడుతుంది.

వేపుళ్లలోకీ, వేడి అన్నంలోకీ ఉప్పు లేని పొడి ఒకటి చేసి ఉంచుకోండి. ఒక కప్పు ధనియాలు, అరకప్పు నువ్వులు, రెండు చెంచాల జీలకర్ర, ఏడెనిమిది ఎండుమిరపకాయలు, గుప్పెడు కరివేపాకు విడివిడిగా దోరగా వేయించి, చిన్న ఉసిరికాయంత చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చేర్చి బరకగా దంచండి. బెండకాయ, దొండకాయ వేపుడు దించేముందు రెండు చెంచాలు చల్లితే ఉప్పు సగం వేసినా ఎవరూ పట్టలేరు. కొనే మసాలా పొడుల్లో మాత్రం ఉప్పు ముందే కలిసి ఉండవచ్చు, ప్యాకెట్టు మీద చూసుకోండి. పెరుగన్నంలో ఉప్పు బదులు సన్నగా తరిగిన అల్లం, దానిమ్మ గింజలు వేసి చూడండి.

ఒక లెక్క కూడా ఉపయోగపడుతుంది. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ప్రకారం నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు కనీసం 50 రోజులు రావాలి. అప్పడాలు, చల్లమిరపకాయలు, ఎండుచేపలు, బ్రెడ్డు, నూడుల్స్ ద్వారా చేరే ఉప్పు ఆ కిలోకు అదనం కాబట్టి అంతకంటే ఎక్కువ రోజులే రావాలి. అజినమోటో, వంటసోడాల్లో కూడా సోడియం ఉంది. ఉప్పును ఒక్కసారిగా కాక, వారానికి కొంత చొప్పున తగ్గించండి; కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. ఆయన కోసం తక్కువ సోడియం ఉప్పు కొన్నాను. వాడవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: వాడకండి, ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఈ రోజే ఆపి డాక్టరుగారికి తెలియజేయండి. మూత్రపిండాలు సరిగా పనిచేయనప్పుడు పొటాషియం రక్తంలోనే ఉండిపోయి గుండె లయను దెబ్బతీస్తుంది. ప్రాణాపాయం కూడా కలగవచ్చు. మీ నాన్నగారికి టమాటా, చింతపండు, ఆకుకూరల మోతాదు కూడా పోషకాహార నిపుణులే నిర్ణయించాలి. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కొద్ది చుక్కల నిమ్మరసం మామూలు వంట మోతాదులో సాధారణంగా ఇబ్బంది పెట్టవు.

ప్రశ్న: ఆవకాయలో ఉప్పు సగానికి తగ్గించి పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఏడాది నిల్వ ఉండే ఆవకాయలో వద్దు. అక్కడ ఉప్పు రుచికి మాత్రమే కాదు. బూజు పట్టకుండా, కాయ మెత్తబడి పాడవకుండా కాపాడేది అదే. తక్కువ ఉప్పుతో కావాలంటే ఒక్క కాయకు సరిపడా కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగైదు రోజుల్లో తినేయండి. మామిడికాయ దొరకని రోజుల్లో దోసకాయ ముక్కలతో ఇలాగే కలుపుకోవచ్చు. ఆవపిండి ఘాటు దోసకాయకు చక్కగా పడుతుంది.