మంచు కొండల్లో సొంత ట్రాకు బండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను బెంగళూరులో బుల్‌డోజర్ల తయారీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, సిల్వర్టన్ పట్టణానికి ఎగువన సుమారు 3,000 మీటర్ల ఎత్తున చిన్న చెక్క ఇల్లు కొన్నాడు. చలికాలం పొడుగునా ఆ ఇంటికి వెళ్ళే మట్టి రోడ్డులో చివరి ఆరు కిలోమీటర్ల మీద మంచు తీసేవారుండరట. రాకపోకల కోసం 1970ల నాటి థయోకాల్ స్ప్రైట్ అనే స్నోక్యాట్ (చక్రాలకు బదులు ట్రాకులతో, అంటే చుట్టూ తిరిగే పట్టాలతో మంచు మీద నడిచే బండి) కొనాలనుకుంటున్నాడు. "నాన్నా, ట్రాకుల సంగతి నీకు తెలుసు కదా, చూసి చెప్పు" అని ఫొటోలు పంపాడు. నాకు తెలిసింది మట్టిలో తిరిగే యంత్రం. కొనమనాలా, వద్దనాలా?
— ఒక పాఠకుడు, సి.వి. రామన్ నగర్, బెంగళూరు

జవాబు: మీ అబ్బాయి అడగవలసిన మనిషినే అడిగాడు. ఆ కాలపు స్ప్రైట్ బండ్లలో చాలావాటికి ఫోర్డ్ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉంటుంది కాబట్టి, ఇంజను చెడినా దాని విడిభాగాలు అమెరికాలో ఇప్పటికీ దొరుకుతాయి. ఇటువంటి బండ్లలో డబ్బు మింగేది కింది భాగం, అంటే మీరు ఉద్యోగమంతా చూసిన స్ప్రాకెట్ల (ట్రాకును తిప్పే పళ్ళ చక్రాల), రోలర్ల వ్యవహారం.

అయితే పని తీరులో తేడా ఉంది. బుల్‌డోజర్ తన బరువును నేల మీద మోపి పట్టు సంపాదిస్తుంది. స్నోక్యాట్ తన బరువును వీలైనంత విస్తీర్ణంలో పరిచి మునగకుండా నెట్టుకొస్తుంది. మామూలు డోజర్ ట్రాకు కింద చదరపు అంగుళానికి ఏడెనిమిది పౌన్ల ఒత్తిడి పడితే, నిలబడిన మనిషి పాదాల కింద రెండు మూడు పౌన్లు పడుతుంది. స్ప్రైట్ వంటి తేలిక బండి కింద పడేది ఒక పౌనుకు కాస్త అటూ ఇటూ మాత్రమే. మనిషి నడుము దాకా దిగబడే మంచు మీద రెండు టన్నుల బండి పైపైన పోగలగడానికి కారణం అదే. ఇందుకోసం దానికి ఇనుప గొలుసు లింకులకు బదులు వెడల్పాటి రబ్బరు బెల్టులు, వాటిపై అడ్డంగా బోల్టులతో బిగించిన లోహపు పట్టీలు, లోపల రోలర్ల స్థానంలో చిన్న టైర్లు ఉంటాయి. అమ్మేవాడు ఇంజను స్టార్టు చేసి వినిపిస్తుంటే మీ అబ్బాయిని వంగి కింద చూడమనండి. ఒక్కొక్క పట్టీని చేత్తో పట్టుకొని కదిలించాలి. బోల్టు బిగువుగా ఉండి కూడా పట్టీ కదులుతోందంటే బెల్టులోని రంధ్రం సాగిపోయిందన్నమాట. అటువంటివి వరసగా నాలుగైదు కనబడితే, లేదా బెల్టు అంచున రబ్బరు ఊడి లోపలి దారాలు బయటపడి ఉంటే, కొత్త బెల్టుల ఖర్చును ధరలో నుంచి తగ్గించి బేరం మొదలుపెట్టాలి. స్ప్రాకెట్ పళ్ళు ఒక వైపుకు వాలి అరిగాయేమో చూడటం మీకు నేను చెప్పనక్కరలేదు.

తరువాత చూడవలసింది స్టీరింగు. మీరెరిగిన డోజర్లలో స్టీరింగ్ క్లచ్చులు ఉండి, ఒక వైపు ట్రాకుకు శక్తిని పూర్తిగా తెంచివేయగలిగేవి. థయోకాల్ బండ్లలో ఎక్కువగా వాడినది ఆలివర్ కంపెనీ క్రాలర్ ట్రాక్టరు నుంచి తీసుకున్న ఓసి-12 అనే డిఫరెన్షియల్, అంటే ఇంజను శక్తిని రెండు ట్రాకులకూ పంచే పళ్ళ చక్రాల పెట్టె. ఇందులో ఒక లివరు లాగితే ఆ వైపు డ్రమ్ము మీద బ్యాండు బిగుసుకొని ట్రాకు నెమ్మదిస్తుంది, రెండవ ట్రాకు ఆ మేరకు వేగం పుంజుకుంటుంది. రెండింటికీ శక్తి అందుతూనే ఉంటుంది. మెత్తని మంచులో ఇది గొప్ప సుగుణం, ఎందుకంటే మలుపులో ఒక వైపు ట్రాకు ఆగిపోతే బండి అక్కడే గొయ్యి తవ్వుకొని కూర్చుంటుంది. కానీ ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం దీనికి చేతకాదు కాబట్టి ఇంటి ముందు మలుపుకు తగినంత చోటుండాలి. పరీక్షగా రెండు వైపులా పూర్తి వృత్తం తిప్పించండి. ఒక లివరు సగం లాగితేనే తిరిగి, రెండవది ఒళ్ళోకి లాక్కున్నా తిరగకపోతే బ్యాండు అరిగిందో, సర్దుబాటు తప్పిందో తేల్చుకోవాలి. నూనె ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా మాడిన వాసన వచ్చినా, పాలలా తెల్లబడి నీళ్ళు కలిసినట్లు కనిపించినా ఆ పూటకు బేరం ఆపేయమనండి.

థయోకాల్ సంస్థ పేరు రాకెట్ల ఘన ఇంధనం వల్ల ప్రసిద్ధమైనది. స్నోక్యాట్లను యూటా రాష్ట్రంలోని లోగన్‌లో తయారుచేసేది. 1978లో ఆ విభాగాన్ని కార్ల తయారీదారు జాన్ డెలోరియన్ కొన్నారు. తరువాత అది ఎల్‌ఎంసి పేరుతో కొంతకాలం నడిచి మూతపడింది. కాబట్టి ఈ బండికి కంపెనీ సర్వీసు అన్నది లేదు. పాత బండ్ల మీద మోజున్న యజమానులు, కొందరు మెకానిక్కులు, ఒక మంచి లేతు మిషను, ఇవే దిక్కు. అదే తరానికి చెందిన టక్కర్ స్నోక్యాట్ అయితే ఆరిగన్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్‌లో దాన్ని తయారుచేసే సంస్థ నేటికీ ఉంది. నాలుగు విడి ట్రాకులుండి, ముందు వెనక ఇరుసులు తిరగడం ద్వారా మలుపు తీసుకునే ఆ బండిని నేనైతే ముందుగా వెతుకుతాను. మలుపులో కూడా నాలుగు ట్రాకులూ నెడుతూనే ఉంటాయి.

3,000 మీటర్ల ఎత్తున టర్బో లేని పాత పెట్రోలు ఇంజను తన శక్తిలో దాదాపు మూడో వంతు కోల్పోతుంది. కార్బురేటరు జెట్లు ఆ ఎత్తుకు తగినట్లు మార్చకపోతే పెట్రోలు ఎక్కువై పొగ కక్కుతుంది కూడా. బ్యాటరీ సంగతి ఇంకా కష్టం: సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో దాని సామర్థ్యం సగానికి పడిపోతుంది, చిక్కబడిన ఇంజను ఆయిలు వల్ల స్టార్టరుకు కావలసిన బలమేమో పెరుగుతుంది. ఇంజను బ్లాకుకు కరెంటు హీటరు పెట్టుకొని, బయలుదేరడానికి రెండు మూడు గంటల ముందు ప్లగ్గు పెట్టడం అక్కడివారి అలవాటు.

సాయంత్రం ఇంటికి చేరగానే చేయవలసిన పని ఒకటుంది, దాన్ని కొత్తవారు తప్పకుండా మరచిపోతారు. ట్రాకుల లోపల, టైర్ల మధ్య కూరుకొన్న మంచును వెచ్చగా ఉన్నప్పుడే పారతో గీకి తీసి, బండిని చెక్క దుంగల మీదకు ఎక్కించి ఆపాలి. లేకపోతే పగటి వేడికి కరిగినది రాత్రికి గడ్డకట్టి ట్రాకును నేలకు అతికించేస్తుంది. తెల్లవారి ఇంజను బలంతో దాన్ని ఊడదీయబోతే తెగేది మంచు కాదు, బెల్టు.

దారి విషయం. ఒకసారి బండి తొక్కిన మంచు కొన్ని గంటల్లో కణాలు ఒకదానికొకటి అంటుకొని గట్టిపడుతుంది కాబట్టి ప్రతి సారీ అదే జాడలో పోవాలి, జాడ అంచులకు పొడవాటి గెడలు పాతుకోవాలి. కొండ వాలుకు అడ్డంగా బండిని నడపడం అన్నిటికన్నా ప్రమాదకరం: కింది వైపు ట్రాకు దిగబడుతూ బండి మెల్లగా ఒరుగుతుంది, స్టీరింగు ఎంత తిప్పినా కిందికే జారుతుంది. దారి మీద అటువంటి చోటుంటే ముందు పారలతో మంచును చదును చేసుకొని అప్పుడు దాటాలి. ఇక సిల్వర్టన్ చుట్టూ ఉన్న శాన్ హ్వాన్ పర్వతాలు మంచుచరియలకు పేరుమోసినవి. 30 నుంచి 45 డిగ్రీల వాలు కింద నుంచి దారి పోతుంటే బండి ఎంత మంచిదైనా ఒకటే. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ చలికాలంలో రోజూ సూచన ప్రకటిస్తుంది. అది చదవకుండా తాళంచెవి తీయవద్దని మీరు తండ్రిగా గట్టిగా చెప్పవచ్చు.

బండి ఆగిపోతే నడిచి ఇంటికి రాగలిగే ఏర్పాటు ప్రతి ప్రయాణంలోనూ ఉండాలి. మనిషికొక జత స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు), పార, తల దీపం, పొడి మేజోళ్ళు, ఒక రాత్రికి సరిపడా దుప్పట్లు. ఆగిన బండిలో వెచ్చదనం కోసం ఇంజను నడపవలసి వస్తే, ముందు దిగి సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికే వస్తుంది.

మరొక మాట, ఇది వయసుతో, అనుభవంతో సంబంధం లేనిది. హాకై పాత్రధారిగా మన పిల్లలకు కూడా తెలిసిన హాలీవుడ్ నటుడు జెరెమీ రెన్నర్ 2023 జనవరి 1న నెవాడాలోని తన ఇంటి దగ్గర సొంత పిస్టెన్‌బుల్లీ (ఒక రకం పెద్ద స్నోక్యాట్) కింద పడి ముప్ఫైకి పైగా ఎముకలు విరగ్గొట్టుకున్నారు. 14,330 పౌన్ల ఆ బండి, ఆయన పార్కింగ్ బ్రేకు వేయకుండా దిగినప్పుడు జారడం మొదలుపెట్టింది. మేనల్లుడి వైపు పోతున్న దాన్ని ఆపడానికి ఆయన తిరిగి ఎక్కబోయారు. ట్రాకు మీదనే కాలు పెట్టి క్యాబిన్‌లోకి ఎక్కవలసిన బండ్లలో ట్రాకు కదిలితే మనిషిని కిందికి లాగేస్తుంది. దిగే ముందు బ్రేకు వేయాలి, బ్లేడు ఉన్న బండి అయితే దాన్ని నేలకు దించాలి, ఇంజను ఆపాలి.

ఇప్పుడు మీ ప్రశ్నకు. చుట్టూ గోడలున్న షెడ్డు, వేసవిలో దాని కింద పడుకొని పనిచేసే ఓపిక మీ అబ్బాయికి ఉంటే కొనమనండి. మరమ్మతు మరొకరికి అప్పగించే ఉద్దేశం ఉంటే ఈ కాలపు బండి వద్దనండి. కొన్నా, ఇంట్లో ఒక చిన్న స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనక ఒక ట్రాకు ఉండే మంచు బైకు) కూడా ఉండటం మంచిది, ఎందుకంటే మధ్యదారిలో స్నోక్యాట్ ఆగిపోతే దానికి కావలసిన సామాను తెచ్చేది అదే. పట్టణంలో మంచు తీసిన రోడ్డు మీదకు మాత్రం స్నోక్యాట్‌ను నడుపుకుంటూ పోరాదు, ట్రైలర్ మీద తీసుకుపోవలసిందే.

ప్రశ్న: ఇంత తంటా ఎందుకు, ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకు చక్రాలు తీసి ట్రాకులు బిగిస్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: బిగిస్తారు, అటువంటి సెట్లు అమెరికాలో అమ్ముతారు. అయితే జీపు ఇంజను, గేర్‌బాక్సు బరువు ముందు ట్రాకుల మీద పడి లోతైన కొత్త మంచులో ముక్కు దిగబడుతుంది, చక్రాల బేరింగుల మీద, స్టీరింగు జాయింట్ల మీద తయారీదారు ఊహించని భారం పడుతుంది. వేగం బాగా తగ్గుతుంది, స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది. ఒకటి రెండు అడుగుల మంచుకు ఫరవాలేదు.

ప్రశ్న: మంచు మీద నడిచే ఈ బండ్లను మొదట ఎవరు తయారుచేశారు? కాలేజీ సెమినార్ కోసం అడుగుతున్నాను.
— ఒక విద్యార్థిని, జయనగర్, బెంగళూరు

జవాబు: ఒక్కరి పేరు చెప్పడం కష్టం. రష్యాలో జార్ నికొలస్ కార్లకు వెనక చక్రాల స్థానంలో బెల్టులు అమర్చిన ఫ్రెంచివాడు అడోల్ఫ్ కెగ్రెస్ ముందువారిలో ఒకరు. కానీ మామూలు కుటుంబాల అవసరానికి వాటిని తెచ్చినవాడు కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం, వాల్కూర్ గ్రామానికి చెందిన మెకానిక్ జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ళ కొడుక్కి అపెండిసైటిస్ వచ్చింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆసుపత్రికి చేర్చలేకపోవడంతో పిల్లవాడు చనిపోయాడు. 1937లో ఆయన స్ప్రాకెట్, ట్రాకు అమరికకు పేటెంటు పొంది ఏడుగురు కూర్చునే బండిని, 1942లో పన్నెండుగురి బండిని తయారుచేశాడు. డాక్టర్లు, తపాలా, బడి పిల్లలు వాటిలో తిరిగేవారు. 1948లో క్యుబెక్ ప్రభుత్వం రోడ్లన్నిటి మీదా మంచు తీయాలని చట్టం చేయగానే అమ్మకాలు సగానికి సగం పడిపోయాయి. ఈ సంగతి మీ సెమినార్‌లో తప్పక చెప్పండి: ట్రాకు బండికి గిరాకీ ఉండేది రోడ్డు తెరవని చోటనే. చివరికి 1959లో తేలిక ఇంజనుతో ఇద్దరు ఎక్కే స్కీ-డూ అనే స్నోమొబైల్ తెచ్చాక ఆ సంస్థ మళ్ళీ నిలదొక్కుకుంది.

దూర ప్రయాణానికి ఉదాహరణ కావాలంటే, బ్రిటిష్ అన్వేషకుడు వివియన్ ఫుక్స్ బృందం 1957 నవంబరు 24 నుంచి 1958 మార్చి 2 వరకు 99 రోజుల్లో అంటార్కిటికాను ఈ కొస నుంచి ఆ కొసకు దాటినప్పుడు చివరిదాకా నడిచినవి నాలుగు టక్కర్ స్నోక్యాట్లు. అదే యాత్రలో ఎడ్మండ్ హిల్లరీ, ట్రాకులు తగిలించిన ఫెర్గూసన్ పొలం ట్రాక్టర్లతో దక్షిణ ధ్రువం చేరారు.

ప్రశ్న: హిమాచల్‌లోని సిస్సూలో స్నేహితులతో కలిసి గెస్ట్ హౌస్ నడుపుతున్నాం. అటల్ టన్నెల్ వచ్చాక చలికాలంలో కూడా జనం వస్తున్నారు. అతిథుల కోసం రెండు స్నోమొబైళ్ళు దిగుమతి చేసుకోవాలని ఆలోచన. ఏమి చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, నంగనల్లూర్, చెన్నై

జవాబు: కస్టమ్స్ పట్టికలో మంచు బండ్లు 8703.10 కింద వస్తాయి. అదే పద్దులో గోల్ఫ్ కార్టులు కూడా ఉన్నాయి, అంటే మీ నగరంలో రిసార్టుల్లో తిరిగే బండికీ దీనికీ చట్టం దృష్టిలో చుట్టరికం ఉందన్నమాట. సుంకం ఎంతో మీ ఏజెంటు చేత ఆ పద్దు ప్రకారమే రాతలో చెప్పించుకోండి.

అంతకన్నా ముఖ్యం, బండిని ఎక్కడ తిప్పుతారన్నది. 2020 అక్టోబరులో టన్నెల్ తెరిచిన తరువాత సిస్సూ దాకా రోడ్డు మీద మంచు తీస్తూనే ఉంటారు కాబట్టి రోడ్డు మీద మీకు స్నోమొబైల్ అక్కరలేదు, అది రోడ్డుకు పనికిరాదు కూడా. ట్రాకు లోపలి వైపు ప్లాస్టిక్ పట్టీల మీద జారుతుంది. వాటిని చల్లబరిచేది, జారుడుగా ఉంచేది ట్రాకు ఎగజల్లే మంచే. నీటితో చల్లబడే ఇంజన్లలో రేడియేటరు పని కూడా ఆ మంచే చేస్తుంది. గట్టి రోడ్డు మీద కొద్ది దూరం నడిపితే చాలు, పట్టీలు కరిగి ఇంజను వేడెక్కుతుంది. అంటే మీరు తిప్పగలిగేది పక్కనున్న పొలాల్లోనే. ఆ మంచు కింద ఉన్నది ఎవరో రైతు బఠాణీ చేనో, బంగాళాదుంపల మడో. యజమానుల అనుమతి, పంచాయతీ, జిల్లా అధికారుల అనుమతి కాగితం మీద ఉండాలి. మామూలు మోటారు పాలసీ దీనికి వర్తిస్తుందని అనుకోకండి. అతిథికి దెబ్బ తగిలితే ఎవరు భరిస్తారో బీమా సంస్థ చేత ముందే రాయించుకోవాలి.

పొలాల సమతలం వదిలి వాలుల కిందకు అతిథులను తీసుకుపోవద్దు. మంచుచరియ కింద పూడుకున్న మనిషి బతికే అవకాశం మొదటి పదీ పదిహేను నిమిషాల తరువాత వేగంగా పడిపోతుంది, అంటే బయటి సాయం చేరేలోగా అయిపోతుంది. తీసుకుపోక తప్పదంటే ప్రతి ఒక్కరికీ 457 కిలోహెర్ట్జ్ ట్రాన్సీవరు (పూడుకున్న మనిషి జాడ తెలిపే రేడియో సంకేతాన్ని పంపే, అందుకునే చిన్న పరికరం), వెతికే పొడవాటి కడ్డీ, పార ఉండాలి, వాటిని వాడటం వచ్చిన మనిషి మీ దగ్గర జీతానికి ఉండాలి. చండీగఢ్‌లోని డిఆర్‌డిఓ సంస్థ డిజిఆర్‌ఇ హిమాలయాలకు ఇచ్చే మంచుచరియల హెచ్చరికలను రోజూ చూసే బాధ్యత కూడా అతనికే అప్పగించండి. ట్రాకు లోపలి ప్లాస్టిక్ పట్టీలు, స్పార్కు ప్లగ్గులు, ఇంజను శక్తిని ట్రాకుకు చేర్చే డ్రైవ్ బెల్టులు బండ్లతో పాటే రెండేసి జతలు తెప్పించుకోండి. జనవరిలో డ్రైవ్ బెల్టు తెగితే కొత్తది విదేశం నుంచి వచ్చేసరికి సీజను ముగిసిపోతుంది.