బుధవారం ఒంటిపూట బడి

"అక్కా, పాపని ఒకటో తరగతిలో చేర్చాం. బడి బాగుంది, టీచరూ మంచావిడే. కానీ ప్రతి బుధవారం గంటన్నర ముందే పంపించేస్తారట. మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటాం. ఇక్కడ మిగతావాళ్ళంతా ఏం చేస్తారు?"

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు కనీసం ముగ్గురి నుంచి వస్తుంది. పదిహేనేళ్ళ పైగా సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉంటున్నాను, ఇద్దరు పిల్లల్ని ఇక్కడి బడుల్లోనే చదివించాను. అందుకని ఒకసారి వివరంగా రాసేస్తున్నాను.

ఒంటిపూట బడి అనగానే మనకి ఎండాకాలం గుర్తొస్తుంది. మార్చి సగంలోకి వచ్చేసరికి పొద్దున్నే ఎనిమిదింటికల్లా బడి, పన్నెండున్నరకల్లా ఇల్లు. ఇంట్లో నానమ్మో, పక్కింటి పిన్నిగారో ఎవరో ఒకరు ఉండేవారు. ఎవరూ లేని రోజున తాళంచెవి వీధి చివర కిరాణా కొట్టులో ఉండేది. పిల్లల్ని ఎవరు చూస్తారన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. ఇక్కడి ఒంటిపూటకి ఎండతో పనిలేదు, ఇక్కడ కిరాణా కొట్టూ లేదు.

బుధవారం ముందే ఎందుకు వదిలేస్తారంటే, ఆ సమయంలో టీచర్లు కలిసి కూర్చుని పాఠాలు ప్లాన్ చేసుకుంటారు, శిక్షణ తీసుకుంటారు. సియాటిల్ స్కూల్ డిస్ట్రిక్టులో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థ) 75 నిమిషాలు ముందు వదిలేస్తారు. చుట్టుపక్కల ఉన్న లేక్ వాషింగ్టన్, నార్త్‌షోర్, బెల్‌వ్యూ డిస్ట్రిక్టుల్లోనూ బుధవారమే పొట్టి రోజు. ఎంత ముందు అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో బడి ఏడాదికి 180 రోజులు నడవాలి, దాంతోపాటు ఇన్ని గంటలు పాఠం చెప్పాలన్న లెక్క వేరే ఉంది. ఆ గంటలు పూర్తయినంత వరకు వారంలో ఒక రోజు తగ్గించుకోవడం డిస్ట్రిక్టు ఇష్టం. అది తప్పని నేను అనను. మా పెద్దదాని మూడో తరగతి టీచరు రాత్రి తొమ్మిదికి మెయిల్స్ రాసేది, వాళ్ళకీ ఆ గంట కావాలి. అయితే ఈ ఏర్పాటు ఇంట్లో ఒకరు ఖాళీగా ఉంటారన్న పాత ఊహ మీద నిలబడింది. ఆ ఊహలో మీరూ లేరు, నేనూ లేను.

కొత్తగా వచ్చినవాళ్ళు చేసే పొరపాటు, నేనూ చేసిందే, వారం మొత్తాన్ని మామూలు రోజుతో కొలుచుకోవడం. "మూడున్నరకి వదులుతారు, మూడుంబావుకి బయల్దేరితే సరిపోతుంది" అని లెక్క వేసుకుని, బుధవారాన్ని ఏదోలా చూసుకుందాంలే అని పక్కన పెడతారు. ఆ ఏదోలా చూసుకోవడమే రెండు నెలల్లో ఇంట్లో గొడవగా మారుతుంది. మీ ఏర్పాటంతా బుధవారాన్ని పట్టుకుని మొదలుపెట్టండి. ఆ రోజు సరిపోయిన ఏర్పాటు మిగతా నాలుగు రోజులకీ ఎలాగూ సరిపోతుంది.

బుధవారంతో అయిపోతుందా అంటే, అవదు. శరదృతువులో పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సులు జరిగే వారంలో చాలా బడులు వరసగా కొన్ని రోజులు సగం పూటే నడుస్తాయి. థాంక్స్‌గివింగ్ ముందు రోజు సగం పూట. టీచర్ల శిక్షణ రోజులకి పూర్తి సెలవు. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డేతో కలిపి వారం సెలవు. కిండర్‌గార్టెన్ పిల్లలకైతే బడి తెరిచిన మొదటి రెండు మూడు రోజులు తరగతులే ఉండవు, టీచరు ఒక్కో కుటుంబాన్ని పిలిచి మాట్లాడుతుంది. మంచు పడితే రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తారు, ఆ కబురు తెల్లవారుజామున ఐదింటికి ఫోన్‌లో వస్తుంది. 2024 నవంబరు 19 రాత్రి పెద్ద గాలివాన వచ్చి లక్షల ఇళ్ళకి కరెంటు పోయినప్పుడు మా వైపు చాలా బడులు కొన్ని రోజులు తెరవనే లేదు. ఒక లెక్క వేసి చూడండి. ఆఫీసు పనిదినాలు ఏడాదికి దాదాపు 250, బడి 180. తేడా డెబ్భై రోజులు. భార్యాభర్తలిద్దరి సెలవులూ కలిపినా అందులో సగం పూడవు, ఆ సెలవుల్లోనే ఇండియా ప్రయాణం కూడా ఉంది.

మొదటి ఏడాది కాన్ఫరెన్సుల వారం సంగతి నాకు తెలీదు. కాగితం పిల్ల బ్యాగులో వచ్చింది, నేను చూడలేదు. మధ్యాహ్నం బడి ఆఫీసు నుంచి ఫోన్, మీ అమ్మాయి ఇక్కడే కూర్చుని ఉంది, ఎవరు వస్తున్నారు అని. నేను అప్పుడు బ్రిడ్జి అవతల డౌన్‌టౌన్‌లో ఉన్నాను. వెళ్ళేసరికి గంట పైన పట్టింది. అది ఏడవలేదు, ఆఫీసులో ఆవిడ ఇచ్చిన కాగితాల మీద బొమ్మలు గీస్తోంది. కారెక్కాక "అమ్మా, నువ్వు మర్చిపోయావా?" అని ఒక్క మాట అడిగింది. ఆ రాత్రే డిస్ట్రిక్టు క్యాలెండరు మొత్తం ఇద్దరి ఫోన్లలో ఎక్కించాం. మీరు ఈ పని బడి తెరవకముందే చేయండి. ఏడాది క్యాలెండరు డిస్ట్రిక్టు సైటులో ముందే పెడతారు.

ఇక అసలు ఏర్పాట్లు. అన్నిటికన్నా నమ్మకమైనది బడి ఆవరణలోనే నడిచే ఆఫ్టర్ స్కూల్ కేర్. చాలా చోట్ల వైఎమ్‌సీఏ, బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్ లాంటి సంస్థలు నడుపుతాయి. గంట కొట్టగానే పిల్లలు నడుచుకుంటూ అదే భవనంలో ఇంకో గదికి వెళ్తారు, సాయంత్రం ఆరింటి దాకా ఉంటారు. బుధవారం ముందుగా వదిలే సమయాన్ని కూడా చాలావరకు వాళ్ళు చూసుకుంటారు. అయితే సగం పూట రోజులకీ, పూర్తి సెలవులకీ విడిగా డబ్బు కట్టాలా, విడిగా పేరు రాయించుకోవాలా అన్నది చేరేరోజే అడగండి. సీట్లు తక్కువ. సెప్టెంబరు బడికి రిజిస్ట్రేషన్ అంతకుముందు వసంతంలోనే తెరుస్తారు, జూన్‌లో దిగినవాళ్ళకి మిగిలేది వెయిట్‌లిస్టే. అందుకే మనవాళ్ళు ఇల్లు వెతికేటప్పుడు బడి రేటింగు చూసినంత శ్రద్ధగా ఆ బడిలో ఆఫ్టర్ కేర్ సీటు ఉందా అని కూడా కనుక్కోవాలంటాను. పదికి పది ఉన్న బడి పక్కన ఇల్లు దొరికి, పిల్ల మధ్యాహ్నం నుంచి ఎక్కడుంటుందో తెలియకపోతే ఆ రేటింగుని ఏం చేసుకుంటాం?

బయట సెంటర్లు వ్యాన్ పంపి బడి నుంచి తీసుకెళ్తాయి. వాటిలో చేర్చేముందు లైసెన్సు చూడండి. ఈ రాష్ట్రంలో లైసెన్సులు ఇచ్చే శాఖ వెబ్‌సైటులో ఏ సెంటరు మీద ఏ తనిఖీలు జరిగాయో చూడొచ్చు. ఆలస్యంగా వెళ్తే జరిమానా ఎంతో ముందే తెలుసుకోండి. మేం పంపిన చోట నిమిషానికి డాలరు. వంతెన మీద ఇరుక్కున్న ఒక సాయంత్రం ఆ నిమిషాలు లెక్కపెట్టుకుంటూ నడిపిన టెన్షన్ నాకింకా గుర్తుంది.

డబ్బు విషయానికి వస్తే, మీ కంపెనీలో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ ఉందేమో హెచ్ఆర్‌ని అడగండి. పన్ను పడకముందే జీతంలోంచి పక్కన పెట్టి పిల్లల సంరక్షణకి వాడుకునే ఖాతా ఇది. 2025 వరకు ఇంటికి ఏడాదికి 5,000 డాలర్లే, 2026 నుంచి 7,500. పిల్లల వయసు 13 లోపు ఉండాలి. ఆఫ్టర్ కేర్, వేసవి డే క్యాంపులు చెల్లుతాయి, రాత్రి ఉండే క్యాంపులూ ట్యూషన్లూ చెల్లవు. ఆ ఏడాది ఖర్చు పెట్టనిది పోతుంది కాబట్టి అత్యాశకి పోయి ఎక్కువ పెట్టకండి. ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి. ఒకరు పూర్తికాలం చదువుకుంటుంటే మినహాయింపు ఉంది. ఉద్యోగం వెతుక్కునే రోజుల ఖర్చూ చెల్లుతుంది, కానీ ఆ ఏడాదిలో కొంతైనా సంపాదన ఉండాలి. వర్క్ పర్మిట్ లేక ఇంట్లో ఉంటే ఈ ఖాతా మీకు పనికిరాదు. కంపెనీలో ఈ ఖాతా లేనివాళ్ళకి పన్ను రిటర్నులో ఫారం 2441 మీద క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు ఉంది, ఇద్దరికీ సంపాదన ఉండాలన్న షరతు దీనికీ ఉంది, ఒక బిడ్డకి 3,000, ఇద్దరు అంతకన్నా ఎక్కువుంటే 6,000 డాలర్ల ఖర్చు వరకు. ఒకే ఖర్చుకి రెండూ దక్కవు. దేనికైనా సెంటరువాళ్ళ ట్యాక్స్ నంబరు కావాలి. చేతికి డబ్బు తీసుకుని నంబరు ఇవ్వనంటున్నారంటే అక్కడే ఆలోచించుకోండి.

ఇప్పుడు మనవాళ్ళలో అందరూ చెవిలో చెప్పుకునే ఏర్పాటు. "పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఇంట్లోనే ఉంటుంది, హెచ్-4. నెలకి ఇంతని ఇస్తే మన పిల్లని చూసుకుంటుంది." హెచ్-4 అంటే హెచ్-1బి మీద ఉద్యోగం చేసేవారి భార్యకో భర్తకో ఇచ్చే వీసా. ఆమెకి ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, లేకపోతే ఆ డబ్బు తీసుకోవడం అనుమతి లేని ఉద్యోగం. రేపు గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఇబ్బంది వచ్చేది ఆమె కుటుంబానికి. 2015 నుంచి హెచ్-4 వారిలో కొందరికి ఈఏడీ వస్తోంది, భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం అయి ఉంటే. కంపెనీ బదిలీ మీద ఎల్-1 వీసాతో వచ్చినవారి వెంట ఎల్-2 మీద వచ్చిన భార్యకో భర్తకో 2021 చివరి నుంచి విడిగా ఈఏడీ లేకుండానే పనిచేసే హక్కు ఉంది. అలాంటివారైతే ఆ చిక్కు లేదు. అయినా వేరేవాళ్ళ పిల్లల్ని డబ్బు తీసుకుని క్రమం తప్పకుండా ఇంట్లో చూసుకోవడానికి లైసెన్సు గొడవ ఒకటుంది, అది కూడా కనుక్కోండి.

డబ్బు లేకుండా ఒకరికొకరు సాయపడటం మాత్రం మనకి తెలిసిన విద్యే. మా ఇంటి దగ్గర నాలుగు కుటుంబాలు బుధవారాన్ని పంచుకున్నాం. నెలలో ఒక్కో బుధవారం ఒక్కొక్కరు ముందుగా లాగవుట్ అయి నలుగురు పిల్లల్నీ తెచ్చుకుంటారు, ఐదో బుధవారం వచ్చిన నెలలో చీటీలు వేసేవాళ్ళం. దీనికి మూడు జాగ్రత్తలు. మొదటిది, బడి ఆఫీసులో పికప్ చేసేవాళ్ళ పేర్లన్నీ రాయించాలి, పేరు లేనివాళ్ళకి మీరు ఫోన్‌లో చెప్పినా పిల్లని ఇవ్వరు. రెండోది, కారు సీటు. వాషింగ్టన్‌లో నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ సీటు (బెల్టు సరిగ్గా పట్టేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టేది) ఉండాలి, 13 ఏళ్ళ లోపువాళ్ళు వీలైనంత వరకు వెనక సీట్లోనే కూర్చోవాలి. కాబట్టి పిల్లతో పాటు బూస్టర్ కూడా ఇల్లిల్లూ తిరుగుతుంది. మూడోది, ఎవరింట్లో ఏం తినొచ్చు, ఏది పడదు అన్నది కాగితం మీద రాసుకోండి. వేరుశెనగ పడని పిల్ల ఒకరు మాలో ఉండేది, పల్లీ చట్నీ ఉన్న ఇంట్లో ఆ బుధవారాలు ఎంత భయపడ్డామో.

ఆ నాలుగు కుటుంబాల్లో ఒకరు ఊరు మారిపోయాక, మా వీధిలోనే పదో తరగతి చదువుతున్న అమ్మాయి బుధవారాలు వచ్చి మా చిన్నవాడిని బస్‌స్టాప్ నుంచి తీసుకొచ్చేది. హైస్కూలుకీ ఆ రోజు ముందే వదిలేస్తారు కదా. అమెరికన్ రెడ్ క్రాస్ పదకొండేళ్ళు దాటిన పిల్లలకి బేబీసిట్టింగ్ శిక్షణ ఇస్తుంది, ఆ సర్టిఫికెట్ ఉందా అని అడిగి మరీ పెట్టుకున్నాం. చాలా చోట్ల కిండర్‌గార్టెన్ పిల్లల్ని బస్సు డ్రైవరు పెద్దవాళ్ళు కనిపించకపోతే దింపడు, తిరిగి బడికే తీసుకెళ్తాడు. ఆ అమ్మాయిని డ్రైవరుకి పరిచయం చేయడానికి రెండు రోజులు నేనే వెళ్ళి నిలబడ్డాను.

"గంటే కదా, తాళంచెవి ఇచ్చేస్తే వాడే వచ్చి కూర్చుంటాడు" అని కూడా కొందరు అడుగుతారు. వాషింగ్టన్ చట్టంలో ఇంత వయసు దాటితేనే ఒంటరిగా ఉంచొచ్చన్న అంకె లేదు. అదే మేరీలాండ్ రాష్ట్రంలో అయితే ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలకూడదు, చూసుకునేవాళ్ళకి కనీసం 13 ఉండాలి. మా దగ్గర అంకె లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే పిల్లల సంరక్షణ శాఖవాళ్ళు తలుపు కొడతారు. ఒకటో తరగతి పిల్లకి ఆ మాటే వద్దు.

అమ్మనో అత్తయ్యనో పిలిపించుకుందామా అంటారు తప్పకుండా. రమ్మనండి, మనవరాలిని చూసుకోవడానికి వాళ్ళకన్నా సంబరపడేవాళ్ళు ఎవరు? కానీ బుధవారం కోసం టికెట్ కొనకండి. విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు, పొడిగింపు వస్తుందన్న నమ్మకంతో ఏడాది ఏర్పాటు నిలబెట్టుకోలేం. పైగా డిసెంబరులో ఇక్కడ నాలుగున్నర కాకముందే చీకటి పడిపోతుంది. వానలో, చీకట్లో, మంకీ క్యాప్ పెట్టుకుని బస్‌స్టాప్‌లో నిలబడ్డ మా మామగారిని చూసినప్పుడు నాకు సిగ్గేసింది. ఆయన డ్రైవింగు చేయరు, ఫోన్‌లో బడివాళ్ళు మాట్లాడితే అర్థం చేసుకోలేరు. పాపం ఒక్క రోజు కూడా మాట అనలేదు.

ఆఫీసులో ఏం చెప్పాలో కూడా మొహమాటపడకండి. చేరిన మొదటి నెలలోనే బుధవారం ఆ గంటన్నరని క్యాలెండర్లో బ్లాక్ చేసి, ఆ పని పొద్దున్నే ఏడింటికి మొదలుపెట్టి పూడుస్తానని మేనేజరుకి ముందే చెప్పేయండి. ఇక్కడివాళ్ళు పిల్లల పికప్ అన్న మాటని మనం అనుకున్నంత చులకనగా చూడరు. మనమే రాత్రి ఆఫ్‌షోర్ కాల్స్ కూడా నెత్తిన వేసుకుని, పగలు బ్లాక్ చేయడానికి భయపడతాం. కాలిఫోర్నియాలో ఉంటే, ఒకే చోట 25 మందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే కంపెనీలో పిల్లల బడి పనుల కోసం ఏడాదికి 40 గంటల వరకు సెలవు తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది. మా రాష్ట్రంలో అలాంటిది లేదు, అడిగి తెచ్చుకోవలసిందే. ఆ అడిగే పని ప్రతిసారీ భార్యే ఎందుకు చేయాలన్నది ఇంట్లో తేల్చుకోండి. మేం బడి ఫారంలో మొదటి ఫోన్ నంబరు ఆయనది రాశాం. అయినా మూడేళ్ళ పాటు బడివాళ్ళు నాకే చేశారు, నేను ఎత్తకుండా ఆయనకి పంపించడం అలవాటు చేసుకోవలసి వచ్చింది.

మీ విషయంలో నాకు తోచింది ఇది. ఆగస్టు అయిపోవచ్చింది కాబట్టి ఆఫ్టర్ కేర్ వెయిట్‌లిస్టులో పేరు రాయించి, ఈలోగా మీ అపార్ట్‌మెంట్‌లో అదే బడికి వెళ్ళే రెండు కుటుంబాలతో మాట్లాడుకోండి. బడి మొదలైన మొదటి నెలలో ఎవరో ఒకరు మానేస్తారు, సీట్లు అప్పుడే కదులుతాయి. వాళ్ళే పిలుస్తారని కూర్చోకుండా ప్రతి సోమవారం పొద్దున్న ఫోన్ చేసి మీ పాప పేరు ఎన్నో స్థానంలో ఉందో అడగండి. మాకు ఏడో నంబరు నుంచి సీటు రావడానికి ఐదు సోమవారాలు పట్టింది.