నాకే ఏ ప్రతిభా లేదేమో!

ప్రశ్న: నా వయసు 29. అకౌంట్స్‌లో ఉద్యోగం. అక్క బాగా పాడుతుంది, తమ్ముడు బొమ్మలు వేస్తాడు. నాకే ఏదీ రాదు. గిటార్, పెయింటింగ్, కోడింగ్ క్లాసుల్లో చేరి రెండేసి నెలలకే మానేశాను. ఆఫీసులో కొత్తవాళ్లకి పని నేర్పడం, ఎవరూ అడక్కపోయినా వాళ్లకి నోట్స్ రాసిపెట్టడం... దీంతోనే రోజు గడిచిపోతోంది. ఉద్యోగం మానేస్తేనైనా నాకు ఏది ఇష్టమో తెలుస్తుందా?

జవాబు: ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. జీతం ఆగిన టెన్షన్‌లో ఏ పని పట్టుకున్నా 'దీంతో డబ్బొస్తుందా' అన్న ఆలోచనే ముందుంటుంది.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఎవరూ అడక్కపోయినా నోట్స్ రాసిపెడుతున్నానని ఫిర్యాదులా రాశారు. సులువుగా వచ్చే పనిని మనం ప్రతిభ అనుకోం. 'ఇదెవరైనా చేస్తారుగా' అని కొట్టిపారేస్తాం. అందరూ చెయ్యరండీ! పైగా పాట, బొమ్మ పదిమంది చూసి మెచ్చుకునేవి. నేర్పడానికి చప్పట్లుండవు.

అయితే నేర్పడమే మీ ప్రతిభ అన్న నా ఊహ తప్పు కావచ్చు, మీరే తేల్చుకోండి. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వవేత్త కొందరికి పేజర్లిచ్చి, అది మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, మనసెలా ఉందో రాయమనేవారు. మీరూ రెండు వారాలపాటు ఫోన్‌లో రోజుకి ఐదారు అలారాలు వేళాపాళా లేకుండా పెట్టుకుని, మోగినప్పుడల్లా ఒక పుస్తకంలో ఒక్కో లైను రాయండి. కాస్త కష్టంగా ఉన్నా టైము తెలియని పనుల కింద గీత గీయండి. సీరియల్ చూస్తూ టైము మర్చిపోవడం లెక్కలోకి రాదు!

ఇక మానేసిన క్లాసులు. ఓకీఫ్, డ్వెక్, వాల్టన్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులకి కృష్ణబిలాల మీద వీడియో చూపించి, ఆ తర్వాత కష్టమైన వ్యాసం చదవమన్నారు. ఇష్టమన్నది ముందే మనలో ఉంటుంది, కనిపెడితే చాలు అని నమ్మేవాళ్లకి ఆ వ్యాసంతో ఆసక్తి ఎక్కువగా సన్నగిల్లింది. పెంచుకునేదే ఇష్టం అనుకునేవాళ్లకి అంతగా తగ్గలేదు. మీరు గిటార్ వదిలేసిన రెండో నెల కూడా అలాంటిదే. వేళ్లు నొప్పి, పాట ఇంకా రాదు. ఆ మూడింటిలో మానేసినందుకు ఇప్పటికీ మనసు పీకేది ఏదైనా ఉంటే, దానికి ఆరు నెలలివ్వండి. లేదంటే దిగులక్కర్లేదు, వదిలేయండి.

ఈలోగా మీ దగ్గర పని నేర్చుకున్న ఇద్దర్ని పిలిచి, "నేను చెప్పినవాటిలో నీకు బాగా పనికొచ్చింది ఏది?" అని అడగండి. వాళ్ల జవాబు కూడా ఆ పుస్తకంలోనే రాసుకోండి.