రైతంటే ఎవరో ముందు తేల్చు

అమ్మాయ్,

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ (ఒక సంస్థ పనులూ, వాటి కంప్యూటర్ వ్యవస్థలూ ఎలా కలిసి నడవాలో చూపే నక్షా) మీదా, సర్వీసుల (ఒక వ్యవస్థ అడిగితే ఇంకోటి జవాబిచ్చే ప్రోగ్రాముల) మీదా నువ్వు రాసిన వ్యాసం అందింది. రావులపాలెం బస్సులో ఒకసారి, ఇంటికొచ్చి ఇంకోసారి చదివాను. వాక్యం బాగుంది. విషయమే ఇంకా చేలోకి దిగలేదు.

మొదటి రెండు పేజీలూ చరిత్రే. 1987లో ఇలాంటి నక్షాల మీద జాక్‌మన్ రాసిన వ్యాసం, తర్వాత వాటిని గీసే పద్ధతి చెప్పే టోగాఫ్, 2006లో ఒయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఎస్‌ఓఏ (సర్వీసులతో వ్యవస్థలు కట్టే పద్ధతి) నిర్వచనం. తప్పుల్లేవు. అయినా కొట్టెయ్. ఉంచాలనిపిస్తే 2009 జనవరి ఒక్కటి ఉంచు. ఆ నెలలోనే యాన్ థామస్ మేన్స్ అనే విశ్లేషకురాలు ఎస్‌ఓఏ చచ్చిపోయిందని రాసింది. సర్వీసులు అక్కర్లేదని కాదు ఆవిడ అన్నది. ఏ ఈఎస్‌బీ (సర్వీసుల్ని కలిపే సాఫ్ట్‌వేర్) మంచిదన్న వాదనల్లో పడి అందరూ అసలు ఆర్కిటెక్చర్‌నే మరిచిపోయారని.

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌ని ధవళేశ్వరం ఆనకట్టతోనూ, సర్వీసుల్ని కాలువలతోనూ పోల్చావు. మన వైపు కలం పట్టినవాళ్లకి ముందు కాటన్ దొరే గుర్తొస్తాడులే, నేనూ ఒకప్పుడు అదే రాశాను. కానీ నీళ్లు ఎవరి చేలోకి వెళ్లినా నీళ్లే. డేటా అలా కాదు.

కోనసీమలో ఏ ఊరైనా తీసుకో. పాసుపుస్తకం ఒకరి పేరున ఉంటుంది, ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు. దాళ్వా ఊడ్చేదీ, ఎరువు అప్పు తెచ్చేదీ, ధాన్యం తోలేదీ కౌలుదారు. రెవెన్యూ వాళ్ల లెక్కలో రైతంటే పట్టాదారు. పంట నమోదుకీ ధాన్యం కొనుగోలుకీ కావలసింది సాగు చేసేవాడు. బ్యాంకుకి మళ్లీ ఖాతాదారు. ఇప్పుడెవరో ‘రైతు వివరాలు’ అని ఒక సర్వీస్ కట్టారనుకో. సర్వే నంబరిస్తే అర సెకనులో పేరు చెబుతుంది. ఎప్పుడూ డౌన్ అవదు. ధాన్యం డబ్బు మాత్రం హైదరాబాద్ ఖాతాలో పడుతుంది! కోడ్‌లో ఎంత వెతికినా తప్పు దొరకదు. ఏ పనికి ఎవరు రైతో శాఖలన్నీ ఒకచోట కూర్చుని ముందే తేల్చుకోవాల్సింది. ఆ తేల్చుకోవడమే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్. టోగాఫ్‌లో బిజినెస్ ముందూ టెక్నాలజీ చివరా ఉన్నది అందుకే. మన రాష్ట్రం ఈ-ప్రగతి పేరుతో శాఖలన్నిటికీ కలిపి ఇలాంటి నక్షా గీయించుకుంది, దాని మీద ఒక పేరా రాయి.

ఇంకొకటి, నీ వ్యాసంలో ఎక్కడా డబ్బు మాటే లేదు. నేను పనిచేసిన ఒక కంపెనీలో కస్టమర్ అడ్రస్ ఇచ్చే సర్వీస్‌ని బిల్లింగ్ వాళ్లు కట్టారు. డెలివరీ వాళ్లూ వాడుకోవడం మొదలెట్టారు. వాడకం పెరిగి కొత్త సర్వర్ కావాల్సొచ్చింది. ఖర్చు ఎవరి పద్దులో రాయాలి? ఆర్నెల్లు మీటింగులే మీటింగులు. విసుగెత్తి డెలివరీ వాళ్లు అడ్రసులన్నీ కాపీ చేసుకుని సొంతంగా పెట్టుకున్నారు. ఆ తర్వాత ఇల్లు మారిన ప్రతి కస్టమర్‌కీ మా దగ్గర రెండేసి ఇళ్లు. సర్వీస్ ఎవరిది, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది నక్షాలో ఒక్క గడి. ఆ గడి మేము ఖాళీగా వదిలేశాం.

కాలువ పోలిక వదలబుద్ధి కాకపోతే మురుగు కాలువ గురించి రాయి. డెల్టాలో నీరు పెట్టడం కన్నా నీరు తీయడం పెద్ద పని. గుర్రపుడెక్క పట్టిన డ్రెయిన్ పక్కన చేను తుఫాను వానకి ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. పాత సర్వీసులూ అంతే. ఎవరు వాడుతున్నారో జాబితా ఉండదు, మూస్తే ఏం ఆగిపోతుందోనని టెన్షన్, అలా ఏళ్లకేళ్లు నడుస్తూనే ఉంటాయి.

ఎస్‌ఓఏని ‘సేవాధారిత నిర్మాణశైలి’ అని రాశావు. సర్వీస్ అను చాలు. మా ఊరి మిల్లు గుమాస్తా కూడా సర్వర్ డౌన్ అనే అంటాడు.

దాళ్వా కోతలు మొదలయ్యాయిగా. కళ్లం దగ్గరికెళ్లి ఒక కౌలు రైతుని, ‘ఈ పంటకి మీ పేరు ఎన్నిచోట్ల రాయించారండీ’ అని అడుగు. ఎక్కడ ఏ కాగితం అడిగారో వరసగా రాసుకో. ఆ కాగితాల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. నాన్నగారిని అడిగానని చెప్పు.

మీ మాస్టారు